తొడ వెనక కండరం బిగుసుకుపోతోంది, ఫ్రెండ్‌తో స్ట్రెచింగ్ సరిగ్గా ఎలా చెయ్యాలి?

గ్రౌండ్_కుర్రాడు (కరీంనగర్)

అందరికీ నమస్తే. పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు, జంప్ లాంటి శారీరక పరీక్షలు) కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. 1600 మీటర్ల పరుగుతో ఇబ్బంది లేదు. లాంగ్ జంప్ దగ్గరే టెన్షన్. గాల్లో ఉన్నప్పుడు కాళ్ళు ముందుకు చాపలేకపోతున్నాను, తొడ వెనక పట్టేసినట్టు ఉంటోంది. నిలబడి వంగితే చేతులు పిక్కల సగం దాకానే వెళ్తాయి. గ్రౌండ్‌లో మేమంతా జంటలుగా స్ట్రెచింగ్ చేస్తాం. ఒకరు కాళ్ళు చాపి కూర్చుంటే ఇంకొకరు వెనక నిలబడి వీపు మీద రెండు చేతులూ పెట్టి ఒత్తుతారు. ఆ పూటకి కాస్త వంగినట్టే ఉంటుంది, మర్నాడు మళ్ళీ మామూలే. పైగా నడుము కింద నొప్పి. ఇద్దరు కలిసి చేసేదానికి సరైన పద్ధతి ఉందా, లేక ఒక్కడినే చేసుకోవడం మేలా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కబడ్డీ_రైడర్

తమ్ముడూ, ముందు ఆ వీపు ఒత్తించుకోవడం ఆపెయ్. మా టీమ్‌లో వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో కాలు పైకెత్తుతాం. కాలితో తన్నినట్టు కాసేపు నెట్టి, వదిలేసి, మళ్ళీ ఎత్తుతాం. పట్టు బాగా వదులుతుంది. కొలతలు, సెకన్లు మాత్రం ఫిజియో మేడమ్ చెప్పాలి.

ఫిజియో_గుంటూరు

కబడ్డీ_రైడర్ గారు చెప్పినదే సరైన దారి. వివరంగా రాస్తాను.

ముందు నడుము నొప్పి సంగతి. తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు కటి ఎముక దగ్గర మొదలై మోకాలి కిందికి వచ్చి అంటుకుంటాయి. అవి బిగుసుకుని ఉంటే కూర్చుని వంగినప్పుడు కటి ముందుకు తిరగదు. అది తిరగకపోయినా వెనకనుంచి ఎవరో ఒత్తుతూనే ఉంటారు కాబట్టి వంగక తప్పదు. అప్పుడు వంగేది నడుము భాగంలోని వెన్నెముక. ఒత్తిన బలంలో ఎక్కువ భాగం డిస్కుల మీద, నడుము లిగమెంట్ల మీద పడుతుంది. మీరు వదులు చెయ్యాలనుకున్న కండరానికి అందేది కొంచెమే. అందుకే చెయ్యి ముందుకు వెళ్తున్నట్టు కనిపిస్తుంది, తొడలో మార్పు ఉండదు, నడుము మాత్రం నొప్పి పెడుతుంది.

ఇప్పుడు పద్ధతి. పది నిమిషాలు పరుగెత్తో, వేగంగా నడిచో ఒళ్ళు వేడెక్కాక మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకోండి. ఒక కాలు నేల మీద చాపి ఉంచండి. మీ ఫ్రెండ్ మీ పక్కన ఒక మోకాలి మీద కూర్చుని, మీ రెండో కాలి మడమను తన భుజం మీద పెట్టుకోవాలి. ఒక చెయ్యి మీ తొడ మీద, మోకాలి చిప్పకు కాస్త పైన ఉండాలి. చిప్ప మీద చెయ్యి వెయ్యకూడదు. మోకాలు పూర్తిగా బిగించనక్కర్లేదు, కొద్దిగా సడలి ఉన్నా ఫర్వాలేదు. అలా నెమ్మదిగా కాలిని పైకి తీసుకెళ్ళాలి. తొడ మధ్యలో లాగుతున్నట్టు అనిపించగానే మీరు 'చాలు' అనాలి, ఆయన అక్కడే ఆగిపోవాలి. పది సెకన్లు అలాగే ఉండండి.

తర్వాత మీ మడమతో ఆయన భుజాన్ని కిందికి నెట్టండి. మొత్తం బలం వద్దు, సగం చాలు. కాలు ఒక్క అంగుళం కూడా కదలకుండా ఆయన ఆపాలి. 5, 6 సెకన్లు నెట్టి వదిలెయ్యండి. ఊపిరి వదులుతూ కాలిని పూర్తిగా ఆయనకి అప్పగించండి. అప్పుడు కాలు తనంతట తాను ఇంకొంచెం పైకి వెళ్ళడానికి ఒప్పుకుంటుంది. ఆ కొత్త చోట 20 నుంచి 30 సెకన్లు ఉంచండి. ఇదంతా రెండు మూడు సార్లు చేసి, రెండో కాలికి మారండి. వారానికి రెండు మూడు రోజులు తప్పకుండా చెయ్యండి, ఎక్కువ రోజులు చేస్తే ఇంకా మంచిదే.

ఇలా నెట్టి, వదిలి, లాగే పద్ధతిని పీఎన్ఎఫ్ (ప్రొప్రియోసెప్టివ్ న్యూరోమస్కులర్ ఫెసిలిటేషన్) అంటారు. 1940లలో అమెరికాలో హెర్మన్ కబాట్ అనే డాక్టరు పోలియో లాంటి జబ్బులతో కండరాలు చచ్చుబడినవాళ్ళ కోసం ఈ విధానం మొదలుపెట్టారు. మార్గరెట్ నాట్, డొరొతి వాస్ అనే ఫిజియోథెరపిస్టులు దాన్ని పెంచారు. ఆటగాళ్ళ దగ్గరికి తర్వాత వచ్చింది. రోగి కండరాన్ని మళ్ళీ పనిలోకి తేవడానికి పుట్టిన పద్ధతి కాబట్టి పక్కనున్న మనిషి ఎప్పుడూ రోగి చేసే ప్రయత్నానికి తగ్గట్టే నడుచుకోవాలి. మీ గ్రౌండ్‌లో కూడా అదే పాటించాలి. నెట్టేది మీరు. మీ ఫ్రెండ్ గోడలా నిలబడాలి, అంతే. ఆయన తన బలంతో మీ కాలిని ఎంత దూరం తీసుకెళ్ళగలడో చూసుకునే పని కాదిది.

గ్రౌండ్_కుర్రాడు (కరీంనగర్)

చాలా థాంక్స్ మేడమ్. ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదు. ఒక డౌట్. ఇది జంప్ చేసే ముందు చెయ్యాలా, అయిపోయాకా?

పీఈటీ_మాస్టారు

ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్తాను. స్కూల్ గ్రౌండ్‌లో చాలా ఏళ్ళుగా పిల్లల్ని పరుగులకి, జంపులకి సిద్ధం చేస్తున్నాను.

జంప్‌కి ముందు వద్దు. ఒక కండరాన్ని నిమిషం దాటి లాగి పట్టి ఉంచితే ఆ తర్వాత కాసేపు దాని పేలుడు బలం కొద్దిగా తగ్గుతుంది. లాంగ్ జంప్‌లో నీకు కావలసింది ఆ బలమే. ముందు నెమ్మదిగా జాగింగ్, తర్వాత కాలు ముందుకీ వెనక్కీ ఊపడం, హై నీస్ (మోకాళ్ళు పైకెత్తుతూ పరుగు), మడమలు వెనక్కి తన్నడం, పెద్ద అడుగు వేసి మోకాలు వంచి దిగే లంజెస్, చివర్లో రెండు మూడు చిన్న స్ప్రింట్లు. ఇవి చాలు. ఇద్దరు చేసే స్ట్రెచింగ్ ప్రాక్టీస్ అంతా అయ్యాకో, సాయంత్రం విడిగానో పెట్టుకో.

ఇంకో మాట. గాల్లో కాళ్ళు చాపలేకపోవడానికి కారణం తొడ వెనక బిగువు ఒక్కటే అనుకోవద్దు. కాళ్ళను ముందుకు ఎత్తేది పొట్ట కండరాలు, తొడ ముందుభాగం పైనుండే కండరాలు. అవి బలహీనంగా ఉన్నా ఇదే జరుగుతుంది. బోర్డు మీద కాలు వేశాక పైకి లేవకుండా ముందుకే దూకితే కాళ్ళు చాపడానికి గాల్లో సమయమే ఉండదు. ఈవెంట్స్‌కి వచ్చే కుర్రాళ్ళలో నేను ఎక్కువగా చూసేది ఇదే. నీ జంప్‌ను పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయించి చూడు. పైకి లేస్తున్నావా లేదా తెలిసిపోతుంది. వేలాడుతూ మోకాళ్ళు పొట్ట దగ్గరికి తెచ్చే వ్యాయామం కూడా మొదలుపెట్టు.

కోడింగ్_కుర్చీ (హైదరాబాద్)

నాకు ఈవెంట్స్ ఏమీ లేవు, రోజంతా కుర్చీలో పని. మేడమ్, పీఎన్ఎఫ్ మామూలు స్ట్రెచింగ్ కంటే నిజంగా మెరుగా? ఒక్కణ్ణే టవల్ కాలికి వేసుకుని లాగితే రాదా? కండరం నిజంగా పొడుగవుతుందా?

ఫిజియో_గుంటూరు

మంచి ప్రశ్న. ఆ పూట చూస్తే పీఎన్ఎఫ్‌తో వచ్చే మార్పు బాగా కనిపిస్తుంది. వారాల తరబడి క్రమం తప్పకుండా చేసినప్పుడు కదలకుండా లాగి పట్టి ఉంచే మామూలు స్టాటిక్ స్ట్రెచింగ్‌కీ దీనికీ పెద్ద తేడా ఉండదు. టవల్‌తో రోజూ చేసేవాళ్ళు, ఫ్రెండ్‌తో ఎప్పుడో ఒకసారి చేసేవాళ్ళ కంటే ఖచ్చితంగా ముందుంటారు. ఒక్కో కండరానికి మొత్తం కలిపి 60 సెకన్లు వచ్చేలా చూసుకోండి. 30 సెకన్లు రెండు సార్లయినా, 20 సెకన్లు మూడు సార్లయినా ఒకటే.

కండరం పొడుగవడం గురించి. పాత పుస్తకాల్లో ఉన్న వివరణ ఇది. కండరం చివర స్నాయువులో గాల్జీ టెండన్ ఆర్గన్ అనే చిన్న అవయవం ఉంటుంది, కండరం గట్టిగా బిగిస్తే అది నరాలకి సంకేతం పంపి కండరాన్ని సడలిస్తుంది, అందుకే నెట్టి వదిలాక కాలు పైకి లేస్తుంది అని. ఆ సడలింపు చాలా కొద్దిసేపే ఉంటుంది, వచ్చే మార్పంతటికీ అదొక్కటే కారణం కాదని ఇప్పుడు అంటున్నారు. ఎక్కువ భాగం ఓర్పు పెరగడమే. మునుపు 'ఇక చాలు' అని శరీరం ఆపిన చోట, ఇప్పుడు ఫర్వాలేదులే అని ఇంకొంచెం ముందుకి వెళ్ళనిస్తుంది. భయపడితే ఆ అనుమతి రాదు. పక్కనున్నవాళ్ళు ఎప్పుడు గట్టిగా లాగుతారోనని బిగబట్టుకుని ఉన్న మనిషికి ఈ పద్ధతి పని చెయ్యకపోవడానికి కారణం అదే.

కుర్చీ పనివాళ్ళకి తొడ వెనక కంటే ఛాతీ, తుంటి ముందుభాగం ముందు చూసుకోవాలి. స్టూల్ మీద కూర్చుని చేతివేళ్ళు తల వెనక పెట్టుకోండి. మీ ఆవిడో ఫ్రెండో వెనక నిలబడి మీ మోచేతుల లోపలివైపు చేతులు ఆనించాలి. మీరు మోచేతుల్ని ముందుకు నెట్టండి, వాళ్ళు ఆపాలి. వదిలాక మోచేతులు నెమ్మదిగా వెనక్కి వెళ్తాయి. వీపులో మోకాలు పెట్టి లాగడం వద్దు. మెడ జోలికి అసలు వెళ్ళవద్దు. తల పట్టుకుని తిప్పడం, టక్కుమనిపించడం ఇంట్లో చేసే పనులు కావు.

కూచిపూడి_అడుగు (విజయవాడ)

ఈ చర్చ మా డ్యాన్స్ క్లాసులకి కూడా చాలా అవసరం. అరమండి (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ) సరిగ్గా కూర్చోవడం లేదని చిన్నపిల్లల్ని బద్ధకోణాసనంలో, అంటే అరికాళ్ళు కలిపి మోకాళ్ళు పక్కలకి వాల్చి కూర్చోబెట్టి, రెండు మోకాళ్ళూ నేలకి ఆనేదాకా తొడల మీద ఒత్తడం చాలాచోట్ల ఉంది. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే 'మొదట్లో అంతే' అంటారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

అరమండిలో మోకాళ్ళు పక్కలకి తిరగాలంటే తిరగాల్సింది తుంటి కీలు. తొడ ఎముక తల, అది కూర్చునే గుంట అందరికీ ఒకేలా ఉండవు. కొందరికి పుట్టుకతోనే ఎక్కువ తిరుగుతుంది, కొందరికి ఎముకకి ఎముక తగిలి ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు ఒత్తితే తుంటిలో ఏమీ మారదు. పిల్ల పాదాల్ని మాత్రం బయటికి తిప్పి, మోకాలిని మెలితిప్పి మనకి కావలసిన ఆకారం చూపిస్తుంది. పదిహేనేళ్ళు వచ్చేసరికి మోకాలి నొప్పులు. నా దగ్గర పిల్లలు జంటలుగా చేస్తారు కానీ నొక్కరు. కూర్చున్న పిల్ల తన మోకాళ్ళను పైకి నెడుతుంది, ఎదుటి పిల్ల అరచేతులతో ఆపుతుంది, వదిలాక మోకాళ్ళు ఎక్కడిదాకా దిగితే అక్కడే. మోకాళ్ళు, కాలివేళ్ళు ఒకే దిక్కుకి చూస్తున్నాయా అన్నది నేను దగ్గరుండి చూస్తాను. అరమండి లోతు కొంచెం తగ్గినా ఫర్వాలేదు, అడుగు శుభ్రంగా పడాలి.

పాతకాలం_శిష్యుడు

అమ్మా, మీరంటే గౌరవం. కానీ కళల్లో కష్టం లేకుండా శరీరం లొంగదు. కేరళలో కథకళి నేర్చుకునేవాళ్ళకి వానాకాలంలో గురువులు ఒళ్ళంతా నూనె రాసి పాదాలతో తొక్కుతారు. వందల ఏళ్ళుగా జరుగుతున్నదే. మరి అది కూడా తప్పంటారా?

కూచిపూడి_అడుగు (విజయవాడ)

తప్పనడం లేదండి. అది ఒక శిక్షణలో భాగం. నూనె, ఋతువు, ఆహారం, విశ్రాంతి అన్నీ దానికో క్రమంలో ఉంటాయి. తొక్కే గురువు పైన తాడునో కర్రనో పట్టుకుని తన బరువు ఎంత దించాలో ప్రతి క్షణం చూసుకుంటారు. ఆయన అదే నేర్చుకుని వచ్చినవారు. వారానికి రెండు గంటలు స్కూల్ అయ్యాక వచ్చే ఎనిమిదేళ్ళ పిల్ల తొడల మీద ఒక సీనియర్ అమ్మాయిని నిలబెట్టడానికి దాన్ని ఆధారంగా తీసుకోలేం. పిల్ల 'ఆపండి' అంటే ఆగే మనిషి అక్కడ ఉన్నారా లేదా అన్నదే నేను చూసేది.

పాతకాలం_శిష్యుడు

ఆ మాట ఒప్పుకుంటాను. ఆపమంటే ఆగాలి.

డాలస్_అమ్మ

మా అమ్మాయికి పదకొండేళ్ళు, ఇక్కడ జిమ్నాస్టిక్స్‌కి వెళ్తోంది. స్ప్లిట్స్‌లో (ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పూర్తిగా చాపి కూర్చోవడం) ముందుకాలు మ్యాట్ మీద ఎత్తుగా పెట్టించి, కోచ్ భుజాలు పట్టి కిందికి అదుముతున్నారు. పిరుదు కింద కూర్చునే ఎముక దగ్గర నొప్పి అంటోంది. అడిగితే 'మామూలే' అంటున్నారు. చదివాక భయమేస్తోంది. ఏం చెయ్యాలి?

ఫిజియో_గుంటూరు

డాలస్ అమ్మగారూ, ఆ నొప్పి ఉన్న చోటే ముఖ్యం. హ్యామ్‌స్ట్రింగ్ మొదలయ్యేది సరిగ్గా ఆ కూర్చునే ఎముక దగ్గరే. ఎదిగే పిల్లల్లో అక్కడ ఎముక ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు, ఎదుగుదల పొర ఉంటుంది. కండరం కంటే ఆ పొరే బలహీనం. గట్టిగా లాగితే కండరం బదులు ఎముక ముక్కే ఊడి వచ్చే ప్రమాదం ఉంది. జిమ్నాస్ట్‌లలో, డ్యాన్సర్లలో, పరుగెత్తే పిల్లల్లో ఇది తెలిసిన గాయమే. కాబట్టి స్ప్లిట్స్ వెంటనే ఆపించి పిల్లల ఎముకల డాక్టరుకో, స్పోర్ట్స్ డాక్టరుకో చూపించండి. ఎక్స్‌రే అవసరమా అన్నది వాళ్ళు చెప్తారు. 'టప్'మన్న శబ్దం, కమిలిన మచ్చ, నడకలో కుంటు ఉంటే ఈ రోజే వెళ్ళండి.

ఎదుగుదల వేగంగా ఉండే ఆ వయసులో ఎముకలు ముందు పొడుగవుతాయి, కండరాలు కొన్నాళ్ళు వెనకబడి బిగుసుకున్నట్టు ఉంటాయి. పిల్ల బద్ధకించినట్టు కాదు. ఆ నెలల్లో లాగడం తగ్గించి ఓపిక పట్టాలి.

చార్లెట్_నాన్న

డాలస్ అమ్మగారూ, కోచ్‌తో మాట్లాడటానికి మొహమాటపడకండి. 2017లో ఇక్కడ అమెరికాలోనే డెన్వర్‌లో ఒక హైస్కూల్ చీర్‌లీడింగ్ (ఆటల దగ్గర విన్యాసాలతో ఉత్సాహపరిచే) జట్టు అమ్మాయిల్ని బలవంతంగా స్ప్లిట్స్‌లోకి అదిమిన వీడియోలు బయటికి వచ్చి దేశమంతా గొడవైంది. ఆపమని పిల్ల ఏడుస్తున్నా తోటి పిల్లల చేత కాళ్ళూ చేతులూ పట్టించారు. చివరికి కోచ్‌ని తీసేశారు. ప్రాక్టీస్ జరిగేటప్పుడు కూర్చుని చూస్తానని అడగండి. పిల్లని కోచ్ ఎలా, ఎక్కడ పట్టుకుంటున్నారో తల్లిదండ్రులు చూడాలి.

సాయంత్రం_నడక (రాజమండ్రి)

నాకు 58 ఏళ్ళు, షుగర్ ఉంది. కుడి భుజం పట్టేసింది, చొక్కా చెయ్యి తొడుక్కోవడం కూడా కష్టంగా ఉంది. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేను. మా ఆవిడ రోజూ నూనె రాసి చెయ్యి పైకి లాగుతోంది. లాగిన రాత్రి నొప్పి ఎక్కువవుతోంది. కొనసాగించాలా?

ఫిజియో_గుంటూరు

ఆపండి సార్. మీరు చెప్పినది వింటే ఫ్రోజెన్ షోల్డర్ లాగే ఉంది, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. డాక్టరుకి చూపించి నిర్ధారించుకోండి, షుగర్ కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి. రాత్రి నొప్పి ఉన్న దశలో బలవంతంగా లాగితే కీలు చుట్టూ ఉన్న సంచి ఇంకా వాచి, నొప్పి పెరుగుతుంది. ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న కదలికలు. ముందుకు వంగి చెయ్యి కిందికి వేలాడేసి నెమ్మదిగా గుండ్రంగా తిప్పడం, ఆరోగ్యంగా ఉన్న చేత్తో పట్టేసిన చేతిని నొప్పి మొదలయ్యేదాకా మాత్రమే ఎత్తడం. మేడమ్ గారు సాయం చేస్తానంటే మీ మోచేతి కింద చెయ్యి పెట్టి బరువు మొయ్యమనండి, దిక్కు మీరు చెప్పండి. నొప్పి తగ్గి బిగువు మాత్రమే మిగిలిన దశలో లాగే వ్యాయామాలు పెంచుకోవచ్చు. దానికి నెలలు పడుతుంది, కంగారు పడకండి.

సందర్భం వచ్చింది కాబట్టి అందరికీ చెప్తున్నాను. మోచేతికి దెబ్బ తగిలి కట్టు విప్పాక, చెయ్యి చాపడం లేదని నూనె రాసి గట్టిగా తోమడం, లాగడం మన ఊళ్ళలో మామూలు. దయచేసి చెయ్యవద్దు, ముఖ్యంగా పిల్లలకి. అలా బలవంతం చేసినప్పుడు కండరంలోనే ఎముక పెరిగే ప్రమాదం ఉంది, దాన్ని మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. అది వస్తే ఉన్న కదలిక కూడా పోతుంది. మోచేతిని ఆ మనిషి తన బలంతోనే వంచి చాపుకోవాలి.

గ్రౌండ్_కుర్రాడు (కరీంనగర్)

మేడమ్, మీరు చెప్పినట్టే చేస్తున్నాం. నాకు బాగానే ఉంది, నడుము నొప్పి లేదు. కానీ నా జోడీకి కాలు ఎత్తగానే మోకాలి వెనకనుంచి పిక్కదాకా కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటోందట. వాడు ఓర్చుకుంటాను, ఇంకా ఎత్తు అంటున్నాడు.

ఫిజియో_గుంటూరు

ఎత్తకండి. కండరం లాగితే తొడ మధ్యలో మందంగా, వెడల్పుగా తెలుస్తుంది. జివ్వుమనడం, తిమ్మిరి, మంట, సన్నని గీతలా కిందికి పాకడం నరం లక్షణాలు. ఒకసారి చూడండి. కాలు ఎత్తి, జివ్వుమనే ముందు ఆపి, పాదం వేళ్ళను ఆయన ముఖంవైపు వంచండి. అప్పుడు జివ్వుమని, పాదం వదులు చెయ్యగానే తగ్గితే నరం లాగుతున్నట్టే అనుకోవాలి. నరాన్ని కండరంలా లాగి పట్టి ఉంచకూడదు. పాదం సడలించి, కాలు కాస్త దించి, మోకాలు కొంచెం వంచి చెయ్యండి. అలా కూడా వస్తుంటే ఆ వ్యాయామం మానేసి డాక్టరుకి చూపించమనండి. నడుము నొప్పి కాలిలోకి దిగుతుంటే అసలు ఆలస్యం వద్దు. మూత్రం మీద పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం లాంటివి ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఓర్చుకుంటాను అనేవాళ్ళతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. లాగుడు పదికి ఎంత ఉందని మధ్యమధ్యలో అడగండి. ఆరో ఏడో దగ్గర ఉంటే సరిపోతుంది. ఊపిరి బిగబట్టినా, ముఖం బిగించినా, రెండో కాలు నేల మీదనుంచి లేచినా, ఆయన ఏ నంబరు చెప్పినా మీరు కాస్త దించెయ్యండి.

పీఈటీ_మాస్టారు

వాడికి ఇంకో విషయం కూడా చెప్పు. వదులైన కండరానికి ఆ వదులులో బలం కూడా ఉండాలి. నొప్పి ఏమీ లేనివాళ్ళు నార్డిక్ కర్ల్ చేసుకోవచ్చు. మోకాళ్ళ మీద నిలబడితే జోడీ వెనకనుంచి చీలమండలు నేలకి పట్టి ఉంచుతాడు, నువ్వు నడుము వంచకుండా వీలైనంత నెమ్మదిగా ముందుకి వాలి, చివర్లో చేతులు ఆనించాలి. మొదట మూడు నాలుగు సార్లకు మించవద్దు, మర్నాడు తొడలు బాగా నొప్పి పెడతాయి. ఈవెంట్స్ దగ్గరపడ్డాక కొత్తగా మొదలుపెట్టవద్దు.

హాస్టల్_రూమ్ (వరంగల్)

నేనూ ఈవెంట్స్‌కే ప్రాక్టీస్ చేస్తున్నాను అక్కా. మా గ్రౌండ్‌లో అమ్మాయిలం తక్కువ. అబ్బాయిలు 'మేం పట్టుకుంటాం రా' అంటారు, నాకు ఇష్టం ఉండదు. రూమ్‌మేట్ చాలా సన్నగా ఉంటుంది, నా కాలు ఆపలేదు. మాలాంటివాళ్ళకి దారేంటి?

కూచిపూడి_అడుగు (విజయవాడ)

తల్లీ, ఇష్టం లేకపోతే వద్దు అని చెప్పెయ్. కారణం చెప్పాల్సిన పని లేదు. కోచింగ్ ఇచ్చే సార్లు కూడా అమ్మాయిల్ని అమ్మాయిలతోనే జోడీ కట్టాలి.

ఫిజియో_గుంటూరు

అక్క చెప్పిందే నా మాట కూడా. ఇక పద్ధతి. గది గుమ్మం చాలు. కాళ్ళు గుమ్మంవైపు పెట్టి, ద్వారబంధం పక్కగా వెల్లకిలా పడుకో. ఒక కాలు గుమ్మంలోంచి అవతలికి నేల మీద చాపు, రెండో కాలి మడమ ద్వారబంధానికి ఆనించు. నీ పిరుదులు ద్వారబంధానికి ఎంత దగ్గరగా ఉంటే లాగుడు అంత ఎక్కువ, కాబట్టి మొదట కాస్త దూరంగా ఉండు. మడమతో ద్వారబంధాన్ని 5, 6 సెకన్లు నెట్టి వదులు. ఊపిరి వదులుతూ పిరుదుల్ని కొంచెం ముందుకి జరుపుకుని 30 సెకన్లు ఉండు. ద్వారబంధం కదలదు, నీ రూమ్‌మేట్ బలంతో పని లేదు. ఆ అమ్మాయి ఉంటే నేల మీద ఉన్న కాలి తొడ లేవకుండా చేత్తో పట్టి ఉంచమను. పిక్కలకైతే కూర్చుని పాదానికి చున్నీ వేసి పట్టుకో, పాదంతో దాన్ని అవతలికి నెట్టి, వదిలి, నీవైపు లాక్కో. చున్నీ పాదం ముందుభాగానికి వెయ్యి, వేళ్ళకి కాదు.